మీ నోట్ల తిరిగే పాటేంది? నల్లగొండ వీధుల్ల పాటల డైరీ

ఆషాఢం: పని షురువైంది

ఆషాఢంల ముహూర్తాలుండయి. పెళ్ళిళ్ళకు వీడియో తీసే మాకు కెమెరాలు, మైకులు అన్నీ బీరువల పడి ఉంటయి. చానా ఏండ్ల సంది మనసుల పెట్టుకున్న పని ఈ ఖాళీల మొదలువెట్టిన. నల్లగొండ రోడ్ల మీద ఎదురైన మనిషిని ఆపుడు, మీకు బాగ ఇష్టమైన పాటేంది అని అడుగుడు, ఆ మనిషి గొంతుతోనే ఒక్క చరణమన్న రికార్డు చేసుడు. పని ఎక్కడిదాక వచ్చిందో ఇక్కడ రాసిపెడుతున్న. ఇంకో ఊర్ల ఎవరన్న ఇట్లాంటిది చేద్దామనుకుంటే అక్కరకొస్తది.

ఆలోచన నాది కాదు. 2011ల న్యూయార్క్ వీధుల్ల చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పోయేటోళ్లను ఆపి, ఏం పాట వింటున్నరు అని అడిగిన వీడియో ఒకటి ప్రపంచమంత తిరిగింది. ఆ తర్వాత ఎన్నో నగరాల్ల అట్లనే తీసిన్రు. అదంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కాని క్లాక్ టవర్ కాడ ఓ పొద్దంత నిలబడి చూస్తే, చెవుల్ల ఇయర్‌ఫోన్లు ఉన్నోళ్లు కాలేజీ పిల్లలు తప్ప ఎవ్వరు కనపడరు. మిగిలిన ఊరంత పాటను నోట్ల పెట్టుకొని తిరుగుతది. బండి మీద పండ్లు సర్దుకుంట కూనిరాగం తీసేటోళ్లు, బస్సు కోసం చూసుకుంట పెదవులు కదిపేటోళ్లు. మాకు ఆ పాట కావాలె.

పాట పేర్ల లిస్టు తయారుచెయ్యొద్దని ముందుగల్లనే అనుకున్నం. నల్లగొండకు ఇష్టమైన పది పాటలు అని రాయాలంటే ఎవ్వర్ని అడగక్కర్లేదు, ఏ ఫోను తెరిచినా చెప్తది. పాడిన మనిషి గొంతు, ఆ పాట ఎవరి దగ్గర ఇన్నరు అన్న మాట, ఈ రెండు ఉంటేనే రికార్డు ఉంచుతం. లేకుంటే తీసేస్తం.

నాతోని మా చిన్నమ్మ బిడ్డ వస్తది. డిగ్రీ చదువుతున్నది. ఆడోళ్లను ఆమె అడుగుతది, మొగోళ్లను నేను అడుగుత. ఇది చానా అవసరం. నేను పోయి ఒక అక్కను పాట పాడమంటే ఆమె కొంగు సవరించుకొని అటు తిరుగుతది. మా చెల్లె పోయి పక్కన కూసుంటే అరగంటల పాటతోపాటు ఇంటి ముచ్చట్లన్నీ వస్తయి.

ఏమని అడగాలె

"మీకు ఇష్టమైన పాటేంది?" అని సూటిగ అడిగితే మనుషులు ఆలోచనల పడతరు. నలుగుట్ల చెప్పుకోదగ్గ పాట ఏదా అని వెతుక్కుంటరు. పెద్దోళ్లు చానామంది ఘంటసాల పేరు చెప్తరు, అందుల "పాడుతా తీయగా చల్లగా" ముందుంటది. 1964ల వచ్చిన మూగమనసులు సినిమాల పాట అది. ఇష్టం నిజమే, కాని పాడమంటే పల్లవి కాడనే ఆగుతరు. ప్రకాశం బజారుల ఒక టైలర్ ఒక్కడు మాత్రం మిషను ఆపకుంట, కాలు తొక్కుకుంటనే, చరణాలు సుద్ద పాడిండు. కుట్టు మలుపు తిరిగే కాడ రాగం కూడ మెల్లగ నిలబెట్టుకున్నడు. మిషను చప్పుడు రికార్డుల గట్టిగనే పడ్డది. తీసెయ్యాలనిపియ్యలే, అట్లనే ఉంచినం.

మా చెల్లె రెండు ప్రశ్నలు పట్టుకొచ్చింది. ఒకటి, "పని చేసుకుంట మీరేం పాడుకుంటరు?" రెండోది, "మీ ఇంట్ల పాడేటోళ్లు ఎవరు?" ఈ రెండోది అడగంగనే మనుషుల మొఖం మారుతది. మా అమ్మ పాడేది అంటరు. మా పెద్దనాయన భజనల పాడేది అంటరు. మా ఊర్ల పీర్ల పండుగకు ఫలానాయన పాడేది, మేము గుండం చుట్టు తిరిగేది అంటరు. మనిషి గుర్తుకొచ్చినంక పాట దానంతటదే వస్తది. అందుకే ఇప్పుడు ఇష్టమైన పాట అనే మాట చివర్ల అడుగుతున్నం.

బస్టాండు, మధ్యాహ్నం

పొద్దున అడిగితే ఎవ్వరికి తీరిక ఉండది. కూలీల అడ్డా కాడ అయితే అసలే అడగొద్దు. మేస్త్రీ ఎవర్ని పిలుస్తడో అని అందరి కండ్లు రోడ్డు మీద ఉంటయి, ఆ టైంల పాట అడుగుడు న్యాయం కాదు. మధ్యాహ్నం ఒంటిగంట దాటినంక బస్టాండు మంచిది. ఆస్పత్రి పని, బ్యాంకు పని అయిపోయి పల్లెవెలుగు బస్సు కోసం కూసున్నోళ్లుంటరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక బస్టాండుల ఆడోళ్ల మందే ఎక్కువ. బిడ్డ దగ్గరికి పోయొచ్చేటోళ్లు, తల్లిగారింటికి పోయేటోళ్లు. ఇంతకు ముందు మూడు నెలలకోసారి పోయే అవ్వలు ఇప్పుడు ఊరికెనే ఒకనాడు పోయొస్తున్నరు. మాకు దొరికిన మంచి పాటలల్ల సగం వీళ్లయే.

బస్టాండుల ఒక ఇబ్బంది ఉన్నది. మైకుల ఏ బస్సు ఎక్కడున్నదో చెప్తనే ఉంటరు. పక్క దుకాణంల సినిమా పాట మోగుతుంటది. ఒక పాట మోగుతుంటే ఇంకో పాట పాడుడు ఎవరి వల్ల కాదు, రాగం అటు గుంజుకపోతది. అందుకే దుకాణాలకు దూరంగ, చెట్టు కింద ఉన్న అరుగు చూసుకుంటం. గోడకు ఆనుకొని నిలబెడితే గొంతు తిరిగొచ్చి గుయ్యిమంటది, చెట్టు కింద ఆ బాధ ఉండది.

మైకు సంగతి

పెళ్ళిళ్ళకు వాడే చేతి మైకు పట్టుకొని పోతే అందరు "ఏ ఛానలు?" అని అడుగుతరు. ఛానలు అనుకోంగనే మోరీ సంగతి, పింఛను సంగతి చెప్పుడు మొదలుపెడతరు. అయి కూడ ఇనాల్సిన మాటలే, ఇంటం. కాని పాట రాదు. కాలర్ మైకు చొక్కకు పెడితే మనిషి బిగుసుకపోతడు. ఆడోళ్లకైతే పెట్టుడే కుదరది. వీడియో ఆలోచన కూడ అందుకే పక్కన పెట్టినం. ఫోను లేపి మొఖానికి పట్టంగనే పాట పోయి పోజు వస్తది.

ఇప్పుడు చేస్తున్నది ఇట్ల. చిన్న కాలర్ మైకును నోటుబుక్కు అంచుకు గుచ్చుత. నోటుబుక్కు చేతుల పట్టుకొని కూసుంట, మనిషి నోటికి జానెడున్నర దూరంల. రాసుకునేటోడు ముందర కూసుంటే మనుషులకు బెదురుండది. వైరు నోటుబుక్కు కింద నుంచి జేబుల ఫోనుకు పోతది. మైకు ఉన్నదని ముందే చూపిచ్చి, రికార్డు చెయ్యాల్నా వద్దా అడిగినంకనే మొదలుపెడతం. వాళ్లు సరే అన్న మాట కూడ అందుల్నే రికార్డు అయితది.

గాలికి గొంగడి ముక్క కట్టినం. మైకుతోని వచ్చిన స్పాంజి తొడుగు ఇంట్ల సరిపోతది, రోడ్డు మీద లారీ పోతే వచ్చే గాలికి ఆగది. మా ఇంట్ల పాత గొంగడి ఉంటే రెండు వేళ్ల మందం కోసి, స్పాంజి మీద వదులుగ చుట్టి దారం కట్టిన. బిగిచ్చి కడితే మాట మూసుకపోయి స, శ రెండూ ఒక్కతీరుగ వినపడతయి. వదులుగ ఉండి, ఉన్ని నూగు పైకి లేచి ఉంటే గాలి ఆ నూగులనే చచ్చిపోతది, మాట లోపలికి పోతది. గొర్రె ఉన్నిదే కావాలె, నైలాను దుప్పటి ముక్క పెడితే రాసుకున్న చప్పుడు వస్తది.

ఫోనుల వేవ్ ఫైలుగ, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనోల తీస్తున్నం. నిమిషానికి సుమారు 8.6 ఎంబీ పడతది. ఎంపీ3ల తీస్తే జాగ మిగులుతది గాని, తర్వాత శుభ్రం చేసేటప్పుడు గొంతు చెడుతది. మాట్లాడేటప్పుడు మెల్లగ ఉన్న మనిషి పాట ఎత్తంగనే ఒక్కసారి లేస్తడు. అందుకే లెవల్ ముందే తగ్గిచ్చి, మామూలు మాట మైనస్ 20 డెసిబెల్ కాడ ఉండేటట్టు పెట్టుకుంటం. పాట పైకి పోతే మైనస్ 8, 10 దాక పోయినా పలగది. ఇంటికొచ్చినంక ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగు సాఫ్ట్‌వేరుల 100 హెర్ట్జ్ కింది చప్పుడు కోసేస్తే బస్సు ఇంజన్ల గుర్రు చానావరకు పోతది. నాయిస్ రిడక్షన్ మాత్రం పెట్టం. అది పెడితే ముసలి గొంతుల్ల ఉండే గరుకు సుద్ద చప్పుడే అనుకొని తీసేస్తది. ఆ గరుకే కదా మనకు కావాల్సింది. ఇంకోటి, పాట అయిపోయినంక అందరం ఊకుండి ఆ జాగ చప్పుడు అర నిమిషం రికార్డు చేసుకుంటం. ముక్కలు అతికేటప్పుడు మధ్యల పెట్టుకోనీకి పనికొస్తది.

బ్యాండు మాస్టరు

పెళ్ళిళ్ళల్ల ఎన్నోసార్లు ఎదురైన మనిషే, కాని ఎన్నడు మాట్లాడింది లేదు. ట్రంపెట్ ఊదుతడు. లతీఫ్ సాహెబ్ గుట్ట దిక్కు పోయే తొవ్వల చాయ్ తాగుకుంట దొరికిండు. అడిగితే ఆలోచన చెయ్యకుంట "బహారో ఫూల్ బర్‌సావో" అన్నడు. 1966ల వచ్చిన సూరజ్ సినిమాల రఫీ పాడింది. తెలుగు పెళ్ళి కానీ, తురకం పెళ్ళి కానీ, పెళ్ళికొడుకు గుర్రం దిగేటప్పుడో కారు దిగేటప్పుడో ఆ పాట ఊదని బ్యాండు ఉండదు.

"పాడుండ్రి చాచా" అన్న. పాడలే. కప్పు కింద పెట్టి కుడిచెయ్యి మోకాలు మీద పెట్టిండు. మూడు వేళ్లతోని నొక్కుడు మొదలుపెట్టిండు. ట్రంపెట్‌కు ఉండే మీటలు మూడే కదా. పెదవులు బిగిచ్చి, ముక్కుతోని సన్నగ రాగం. వేళ్లు ఎక్కడ పడుతున్నయో చూస్తుంటే పాట మొత్తం కనపడ్డది. మాటలు వస్తయా అంటే పల్లవి దాక వస్తయట. వాళ్ల నాయన కూడ బ్యాండుల ఉండె, ఆయన వేళ్లు చూసి నేర్చుకున్నడట. "మా నాయినకు సుద్ద మాటలు రావు" అన్నడు.

ఇప్పుడు డీజే వచ్చినంక పెళ్ళికి బ్యాండు పిలిచేటోళ్లు తగ్గిన్రు. పిలిచినా ఊరేగింపు మొదట్ల పావుగంట, తర్వాత డీజే. పెళ్ళి వీడియోలల్ల మేము కూడ బ్యాండు చప్పుడు తగ్గిచ్చి పైన సినిమా పాట వేస్తం, అది అందరు అడిగేదే. ఈ సీజను నుంచి మా దగ్గర చేయిచ్చుకునే ప్రతి పెళ్ళి వీడియోల ఒక్క బ్యాండు పాటన్న ఉన్నది ఉన్నట్టు ఉంచాలని అనుకున్న. ఇంటోళ్లకు ముందే చెప్పి ఒప్పిస్త.

నాటు పాట

వరి నాట్లేసుకుంట పాడే పాట ఇది. ఈ ఎంట్రీ కొంచెం పెద్దగ రాస్త, ఎందుకంటే ఇప్పటిదాక దొరికినయాట్ల నాకు అన్నిటికన్న విలువైంది ఇదే.

బస్టాండుల ఒక పెద్దమ్మ. కనగల్ దిక్కు ఊరు. మా చెల్లె పని పాట అడిగితే, "నాటు పాటలున్నయి గాని ఇక్కడ కూసొని ఎట్ల పాడుతరు బిడ్డా" అన్నది. ఎందుకు పాడరాదు అంటే లేచి నిలబడ్డది. కొంగు నడుముకు చెక్కి వంగింది. ఎడమచేతిల నారు కట్ట పట్టుకున్నట్టు పిడికిలి బిగిచ్చింది. కుడిచెయ్యి పిడికిట్ల నుంచి నాలుగు పోసలు గుంజి, బొటనవేలు, రెండు వేళ్లు కలిపి బురదల దిగేసినట్టు కిందికి. చెయ్యి కిందికి పోయినప్పుడే పాటల మాట పడుతున్నది. పైకొచ్చేటప్పుడు ఉయ్యాలో. ఒక అడుగు ఎనుకకు, మళ్ల చరణం.

పాటల ముచ్చట ఇది. అత్తగారింట్ల ఉన్న బిడ్డ పండుగకు తోలుకపోనీకి అన్న వచ్చిండని చూస్తది. అత్తనడుగు అంటరు, మామనడుగు అంటరు, ఆడబిడ్డనడుగు అంటరు. అందర్ని అడుగుకుంట పోతది. ఒక్కొక్కరు ఒక్కో పని చెప్తరు, అది చేసి పోమ్మంటరు. అట్ల పాట పొడుగైతది. నాటు మడి ఎంత పెద్దగుంటే అంత పొడుగు. మడి ఒడుస్తలేదంటే మధ్యల ఇంకో బావను పెట్టుకుంటరట, చిన్న మడి అయితే మామ కాడికే తీసుకపోయి తొవ్వకు తోలుతరట. ఒకరు చెప్పుడు, మిగిలినోళ్లు ఎత్తుకునుడు. ఆమె చెప్పే మనిషట. తల్లి దగ్గర నేర్చుకున్నది.

పక్కన కూసున్న ఇద్దరు ఆడోళ్లు ఎవ్వరు అడగకుంటనే ఉయ్యాలో అందుకున్నరు. వేరే వేరే ఊర్లోళ్లు, ఒకరికొకరు ఎరుక లేదు.

ఇప్పుడు పాడుతరా అంటే చెప్పిన మాట అట్లనే రాస్తున్న: "ఇప్పుడన్నీ గుత్త నాట్లాయె బిడ్డా. ఎకరానికింత అని మాట్లాడుకుంటరు. ఎంత జల్ది ఒడిస్తే అంత లాభం. పాట పాడితే ఊపిరి తిరగది. కైకిలి నాటైతే పొద్దంత ఉండాలె గదా, గప్పుడు పాట ఉండె." దినం లెక్క కూలి ఉన్నప్పుడు పొద్దు గడవాలె, అందుకు పాట కావాల్సొచ్చింది. ఎకరం లెక్క కూలి వచ్చినంక ఆ పని వేగానికి పాట సరిపోతలేదు. పాటలు ఎందుకు పోతున్నయి అంటే టీవీ వచ్చింది, ఫోన్లు వచ్చినయి అని అందరం ఊరికెనే అంటం. కూలి కొలిచే తీరు మారితే పాట పోతది అని నాకు ఆ పెద్దమ్మ చెప్పేదాక తట్టలే.

దానికి తోడు నాట్లకు బీహార్, బెంగాల్ నుంచి గుంపులొస్తున్నయి. మిర్యాలగూడ దిక్కు కాల్వ కింద నాట్ల కాలంల ఎక్కడ చూసినా వాళ్లే. రైల్వే స్టేషనుల ఒక గుంపును కలిసినం. మొగపిల్లలే అందరు. నాటేసుకుంట పాడుతరా అని హిందీల అడిగితే నవ్విన్రు, ఫోనుల భోజ్‌పురి పాటలు పెట్టుకొని గట్టు మీద పెడతమన్నరు. ఊర్ల నాటు పాటలు ఉంటయా అంటే ఒకడు "అమ్మ పాడతది, అవి ఆడోళ్ల పాటలు" అన్నడు. ఇంకొంచెం బతిమాలితే రెండు లైన్లు అన్నడు. వాటి అర్థం రాయనీకి ఆ మాట వచ్చినోళ్లు ఎవరన్న దొరకాలె. అప్పటిదాక ఫైలు పక్కన పెట్టినం.

జీతమున్న తాత

టీ హోటలు బెంచీ మీద ఒక తాత. డెబ్బై దాటినయి. పాట అడుగంగనే "పల్లెటూరి పిల్లగాడ" అన్నడు. మా జిల్లాల ఈ పాట తెల్వనోళ్లు తక్కువ. ఉమ్మడి జిల్లాల సుద్దాల ఊరి హనుమంతు రాసిండు. పసులు కాసే జీతగాని పిల్లగాని మీద పాట. మా భూమి సినిమాతోని దేశమంత ఇన్నది.

తాత ఆ సినిమా చూడలే. పాట అంతకు ముందే ఇన్నడు, ఊరూరు తిరిగి పాటలు, నాటకాలు వేసే ప్రజానాట్యమండలోళ్లు ఊర్లకు వచ్చినప్పుడు. అప్పటికి ఆయన ఒక ఇంట్ల జీతమున్నడు. ఏడాదికిన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. వెట్టిచాకిరి రద్దు చేసిన చట్టం 1976ల వచ్చింది. ఆయన జీతమున్నది దానికి ముందుగల్ల. "పసులను తోలుకొని వస్తున్న. బొడ్రాయి కాడ ఆ పాట పాడుతున్నరు. నా మీదనే పాడుతున్నరని నిలబడ్డ. మా ఇంట్ల ఎవలో చెప్పిన్రు వీళ్లకు అనుకున్న" అన్నడు.

పాడిండు. పెద్దగ రాగమేం లేదు, చెప్పినట్టే పాడిండు. పిల్లగాడు పసుల ఎనుక పోయే చరణం కాడ ఆగిండు. "చెప్పులు సుత రాలె ఆ ఏడు" అన్నడు. మళ్ల పాట అందుకున్నడు. నేను ఆ ఆగుడు ఎడిటింగుల తగ్గియ్యలే.

"బండెనక బండి కట్టి" కూడ చానామంది చెప్తరు. అందరు గద్దర్ పాట అంటరు. మా భూమిల గద్దర్ పాడిండు గాని, కట్టింది తెలంగాణ సాయుధ పోరాటంల ఉన్న బండి యాదగిరి. చెప్తే కొందరు ఆశ్చర్యపోతరు. ఒకాయన మాత్రం, యాదగిరి మాదే దిక్కు, నాకు తెల్వదా అని కోప్పడ్డడు. పాట పక్కన కట్టినోళ్ల పేరు కూడ రాస్తున్నం, గట్టిగ తెలిసిన కాడ మాత్రమే.

పాలమూరు పోయొచ్చినం

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగ బస్సు. నల్లగొండల పాట అడిగితే పాట చెప్తరు, పాలమూరుల పాట అడిగితే కథ చెప్తరు. ఈ తేడా ఇంత కొట్టొచ్చినట్టు ఉంటదని అనుకోలే.

పూణె పనికి పోయేటాయన, బస్టాండుల మూటల మీద కూసున్నడు. పండుగ సాయన్న పాట అన్నడు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన సాయన్న కథ పాలమూరు ఊర్లల్ల తరాల సంది పాడుతున్నదే. రెండు లైన్లు చాలు అంటే రెండు లైన్లకు కథ ఎక్కడ తెగుతది అన్నడు. సాయన్నను ఎట్ల పట్టుకున్నరో, తల్లి ఎట్ల ఏడ్చిందో అన్నీ వచ్చినంకనే ఆపిండు. పక్కోడు బస్సు వచ్చిందని గుంజుతున్నా లెక్కచెయ్యలే. చిన్నప్పుడు కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించుకుంట ఇంటింటికి వచ్చేటాయన దగ్గర నేర్చుకున్నడట.

పన్నెండు మెట్ల కిన్నెర ఇప్పుడు అందరికి తెలుసు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022ల పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్ద ఊరి దాసరి కొండప్పకు బుర్రవీణకు 2024ల వచ్చింది. వాయించేటోళ్లకు మర్యాద దక్కినందుకు నాకు చానా సంతోషం. కాని ఇంటి ముందర కూసొని ఇన్నోళ్ల దగ్గర కూడ ఆ కథలున్నయి. వాళ్లు మూటలతోని పూణె బస్సు ఎక్కుతున్నరు. వాళ్లను అడిగేటోళ్లు కావాలె. పాలమూరుల రెండు లైన్లు చాలు అనుడు మానేసినం, ఎంతసేపు పాడితే అంతసేపు రికార్డు పెడతం.

ఫైళ్లు, హక్కులు

కంప్యూటరుల ఒక షీటు. పాట, జాగ, పాడినోళ్ల పని, ఎవరి దగ్గర ఇన్నరు, ఏ పని చేసుకుంట పాడుతరు. పేర్లు, ఫోను నంబర్లు షీటుల లేవు. "ఎవరి దగ్గర" అనే గడినే నేను మళ్ల మళ్ల చదువుత. అమ్మ. మేనత్త. రేడియో. టూరింగ్ టాకీసు. కల్లు కాంపౌండు. బీడీలు చుట్టే కాడ పక్క మనిషి. బడిల సారు. ఊర్ల చచ్చిపోయినోళ్ల కాడ పాడనొచ్చేటాయన. పాటల పేర్లకన్న ఆ గడినే మా ఊరిని ఎక్కువ చూపిస్తది.

సినిమా పాటల మీద హక్కుల సంగతి చూసుకోవాలె. మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట రాసినాయన చనిపోయినంక 60 ఏండ్ల దాక సాహిత్యం మీద హక్కు ఉంటది. అందుకే సినిమా పాటల కాడ వాళ్ల గొంతుల రెండు లైన్లకు మించి బయట పెట్టం. వెనుక అసలు పాట మోగుతుంటే ఆ ఫైలు పెట్టనే పెట్టం. పని పాటలు ఎవరి సొంతం కావు గాని, పాడిన మనిషి సరే అంటేనే. పిల్లల గొంతు తల్లో తండ్రో పక్కనుంటే తప్ప తీస్తలేం.

ఇంకో నియమం మేము పెట్టుకున్నం. పాడినోళ్లకు వాళ్ల పాట వాళ్లకు చేరాలె. ఫోను ఉంటే అక్కడికక్కడే పంపుతం, లేకుంటే వాళ్ల ఇంట్లోళ్ల ఫోనుకు. నాటు పాట పాడిన పెద్దమ్మ మనుమరాలు హైదరాబాదుల హాస్టల్ల ఉంటదట. పాట అందినంక ఆ పిల్ల మా చెల్లెకు ఫోను చేసింది. అవ్వ పాడుతదని తెలుసు గాని ఇంత పొడుగు పాట వస్తదని తెల్వదన్నది. మిగిలిన చరణాలు కూడ తనే రాసుకుంటనన్నది, సెలవులకు పోయినప్పుడు.

ఇప్పుడు ఎక్కడ ఉన్నం

కుర్రోళ్ల కాడ పని ఇంకా సాగుతలేదు. క్లాక్ టవర్ కాడ పిల్లలను అడిగితే యూట్యూబుల వచ్చే జానపదాలు, డీజే పాటలు చెప్తరు. ఫోను తీసి ఎన్ని వ్యూసో చూపిస్తరు, పాడరు. ఆ పాటలను నేను తక్కువ చెయ్య. అందుల చానా వరకు పాత బాణీలే, మన యాసనే, వాటి వల్లనే ఈ పిల్లలు తెలంగాణ మాటతోని పాటలు వింటున్నరు. కాని ఆ పాట వాళ్ల గొంతుల ఎట్లుంటదో ఇనాలె కదా.

నాగార్జున కాలేజీల చదివే పిల్లగాడు ఒకడు తొవ్వ చూపిచ్చిండు. ఇంట్ల ఎవరు పాడుతరు అంటే మా అమ్మ అన్నడు. ఏం పాట అంటే, ఆగన్నా అని ఫోను చేసి స్పీకరు పెట్టిండు. అమ్మ ముందు తిట్టింది, కాలేజీ లేదా ఏంది అని. సంగతి చెప్పంగనే, "రోడ్డు మీద నిలబడి పాటేందిరా" అన్నది. అట్లనుకుంటనే బతుకమ్మ పాట ఎత్తుకున్నది. రెండు చరణాలు కాంగనే పిల్లగాడు మెల్లగ ఎనుక నుంచి చందమామ అని కలిపిండు. దోస్తులు చూస్తున్నరని సుత మర్చిపోయిండు. హెచ్‌డీ కాని పాత తీరు ఫోను కాలుల 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకనే చప్పుడు పోతది, అందుకని అమ్మ గొంతు డబ్బాల నుంచి వచ్చినట్టే ఉంది. పిల్లగాని గొంతు మాత్రం మా మైకుల శుభ్రంగ పడ్డది.

ఈ తీరు బాగుంది. ఇక ముందు కాలేజీ పిల్లలను పాడమని అడగం, ఇంటికి ఫోను చెయ్యమంటం. ఆ అమ్మను నేరుగ రికార్డు చేస్తమంటే రమ్మన్నది. పెత్తరమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మతోని మొదలై తొమ్మిది దినాలు సద్దుల దాక వాళ్ల వాడకట్టుల ఆడుతరట. కాని అప్పుడు వస్తే గుంపు పాటే దొరుకుతది, ఎవరి గొంతు వాళ్లది వినపడది. అమ్మ ఇంకోటి కూడ చెప్పింది: పత్తి ఏరుడు మొదలైతే పొద్దున ఆరింటికి పోతే చీకటి పడ్డంకనే ఇంటికొస్తది, మాట్లాడనీకి తీరుబాటు ఉండది. అందుకే పత్తి పగలకముందే, వచ్చే ఐతారం, మైకు, గొంగడి ముక్క, ఒక అదనపు బ్యాటరీ పట్టుకొని మా చెల్లె, నేను పోతున్నం. ఆ పిల్లగాడు బస్టాపు కాడికి వస్తనన్నడు. పక్కింటి పెద్దమ్మను కూడ కూసోబెడతనని, ఆమెకు మా అమ్మకన్న ఎక్కువ పాటలొస్తయని చెప్పిండు.